అంగన్‌వాడీ ఆయాకు పై మెట్టు ఏది?

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో రోడ్డు వారన గుడారాలు వేసి స్వెటర్లు, మంకీ టోపీలు అమ్మే టిబెటన్ల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. వారు లుధియానా నుంచి సరుకు అప్పుమీద తెచ్చుకోవడం, సంక్రాంతి దాటాక మిగిలిన సరుకుతో తిరిగి వెళ్లడం మీ విలేకరి శ్రద్ధగా రాశారు. వారి పిల్లలు ఎక్కడ పెరుగుతారు, ఏమి చదువుతారు, ఏమవుతారు అన్న సంగతి మాత్రం అందులో లేదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకంలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన నాకు ఆ సంగతే ముఖ్యం. ఆ దుకాణాల్లో ఒకదాన్ని నడిపే అమ్మగారి కూతురు ఇప్పుడు కెనడాలోని టొరంటో నగరంలో మూడు నాలుగేళ్ల పిల్లలకు ఉపాధ్యాయురాలు. ఆమె ఆ స్థానానికి చేరిన తీరు తెలుసుకున్నప్పటి నుంచి, మన అంగన్‌వాడీల్లో కార్యకర్త కింద సహాయకురాళ్లుగా చేరి, ఏళ్ల తరబడి ఆయాలుగానే మిగిలిపోతున్న ఆడవాళ్లు నాకు పదేపదే గుర్తుకు వస్తున్నారు. ఈ లేఖ వారి కోసం.

ఆ కుటుంబం ఊరు మనకు దూరమేమీ కాదు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, అక్కడి నుంచి కొండల్లోకి వెళితే గజపతి జిల్లా మోహన ప్రాంతంలో చంద్రగిరి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ కొండలూ మన శ్రీకాకుళం ప్రాంతమూ మద్రాసు ప్రభుత్వం కింద ఒకే గంజాం జిల్లాలో ఉండేవి. 1959 మార్చిలో దలైలామా లాసా విడిచి భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన వెనుక వేలాది మంది వచ్చారు. వారిలో కొందరికి 1963లో చంద్రగిరిలో భూములిచ్చి స్థిరపరిచారు. ఎండ ఎరగని వాళ్లు ఈ తూర్పు కనుమల్లో అడవి కొట్టి మొక్కజొన్న వేశారు. అక్కడి జీరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన బౌద్ధ ఆలయం పద్మసంభవ మహావిహారాన్ని చూడటానికి మన జిల్లా వాళ్లు కుటుంబాలతో వెళుతూ ఉంటారు. విహారం చూసి ఫొటోలు తీసుకొని వస్తారు గాని, ఆ పక్కనే ఉన్న బడి ఎలా నడుస్తున్నదో చూసివచ్చినవారు నాకు తెలిసి అరుదు.

టిబెటన్లు ప్రవాసంలో మొట్టమొదట పట్టించుకున్న పనుల్లో పసిపిల్లల పెంపకం ఒకటి. దేశం విడిచి వచ్చిన తల్లిదండ్రులు హిమాలయాల్లో రోడ్డు పనులకు కూలీలుగా వెళ్లారు. గుడారాల్లో ఉంచిన పిల్లలు జబ్బుపడి, తిండిలేక చిక్కి శల్యమయ్యారు. 1960 మే 17న జమ్మూ వైపు శిబిరాల నుంచి 51 మంది పిల్లలను ధర్మశాలకు తీసుకొచ్చారు. దలైలామా అక్క త్సెరింగ్ డోల్మా వారి పాలనకు పూనుకున్నారు. 1964లో ఆమె మరణించాక చెల్లెలు జెత్సున్ పెమా ఆ బాధ్యత తీసుకొని 2006 వరకు నడిపారు. ఆ చిన్న శిశుసదనమే తర్వాత టిబెటన్ పిల్లల గ్రామంగా ఎదిగింది. 1961లోనే భారత ప్రభుత్వం టిబెటన్ బడుల కోసం విడిగా ఒక సంస్థను ఏర్పాటు చేసింది. పిల్లల గ్రామంలో చిన్న తరగతులకు, వస్తువులను చేత్తో తాకి పిల్లలు సొంతంగా నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని తీసుకున్నారు. 1985 నుంచి ప్రాథమిక తరగతుల చదువును టిబెటన్ భాషలోకి మళ్లించారు. సొంత నేల లేనివాళ్లు, రేపు ఎక్కడ ఉంటామో తెలియనివాళ్లు, ఉన్న కొద్దిపాటి డబ్బునీ మనుషుల్నీ ముందుగా ఐదేళ్లలోపు పిల్లల మీద పెట్టడం నన్ను ఎంతో కదిలించింది.

నేను చెబుతున్న అమ్మాయి చంద్రగిరిలో పుట్టింది. తల్లిదండ్రులు చలికాలం నాలుగు నెలలూ వ్యాపారానికి వెళ్లిపోతే నాయనమ్మ దగ్గర పెరిగింది. ప్లస్‌టూ చదివాక ఊళ్లోని శిశుకేంద్రంలో సహాయకురాలిగా చేరింది. పిల్లల ముక్కులు తుడవడం, అన్నం తినిపించడం, పడుకోబెట్టడం ఆమె పని. అక్షరాలు నేర్పే వస్తువులు కొనే స్తోమత కేంద్రానికి లేకపోతే, ఉప్పుకాగితం కొని టిబెటన్ అక్షరాల ఆకారంలో కత్తిరించి, అట్టముక్కల మీద అంటించి, పిల్లల చేత వేళ్లతో తడిమించేదట. ఏ హార్డ్‌వేరు దుకాణంలోనైనా దొరికే వస్తువు అది. మాంటిస్సోరి పద్ధతిలో అక్షరాలు నేర్పేది అలాగే. మన ఊళ్లలో మాంటిస్సోరి అని బోర్డు పెట్టుకున్న ప్రైవేటు బడుల్లో మూడేళ్ల పిల్లల చేత నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు పేజీలకు పేజీలు రాయిస్తున్నారు. వేళ్ల ఎముకలు ఇంకా గట్టిపడని పిల్లలు ఏడుస్తూ రాస్తారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి మనవాళ్లకు శిక్షణ ఇచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి, ఆ తల్లి పేరును ఇటువంటి పనికి వాడుకోవడం అన్యాయం.

పెళ్లయ్యాక ఆ అమ్మాయి భర్త దగ్గరికి టొరంటో వెళ్లింది. అక్కడ పార్క్‌డేల్ అనే పేటలో టిబెటన్లు ఎక్కువ. మొదట హోటల్లో గిన్నెలు కడిగింది, తర్వాత ముసలివాళ్లకు ఇంటిదగ్గర సేవ చేసింది. చంద్రగిరిలో పిల్లలతో పనిచేసిన అనుభవాన్ని అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇది బాధాకరమైన సంగతి, దీన్ని దాచి ఆ దేశాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. ఇంగ్లీషు తరగతులకు వెళ్లి, ఒక శిశుకేంద్రంలో మళ్లీ సహాయకురాలిగానే మొదలుపెట్టి, పని చేసుకుంటూనే కాలేజీలో శిశువిద్య డిప్లొమా చదివింది. రెండేళ్ల కోర్సును సాయంత్రం తరగతులతో, మధ్యలో ఒక బిడ్డను కని, ఇంకా ఎక్కువ కాలమే చదివింది. ఇప్పుడు ఆమెకు ఆ వృత్తిలో రిజిస్ట్రేషన్ ఉంది.

ఇక్కడే మనం ఆగి చూడవలసినది ఉంది. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2007లో చేసిన చట్టం ప్రకారం, డాక్టర్లకూ నర్సులకూ ఉన్నట్టే శిశువిద్యాబోధకులకు కూడా ఒక వృత్తి మండలి ఉంది. అందులో పేరు నమోదైనవారే ఆ హోదా పేరు వాడుకోగలరు. తప్పు చేస్తే మండలి విచారిస్తుంది. ప్రతి ఒక్కరూ తమ చదువును ఎప్పటికప్పుడు కొనసాగించాలి. రెండున్నరేళ్లు దాటిన బడిముందు వయసు పిల్లలకు ఎనిమిది మందికి ఒకరు, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు వారికి ఐదుగురికి ఒకరు చొప్పున పెద్దవాళ్లు ఉండాలని నిబంధన. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు సహాయకులుగా చేరవచ్చు. అలా చేరినవాళ్లు పని చేస్తూనే చదివి పై అర్హత తెచ్చుకోవడానికి అప్రెంటిస్ పద్ధతి కూడా ఉంది. అక్కడ కూడా జీతాలు చాలవని వారు గోల పెడుతూనే ఉన్నారు. అయినా గిన్నెలు కడిగిన మనిషి టీచరు కావడానికి మెట్లు ఉన్నాయి, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో కాగితం మీద రాసి ఉంది.

కిందటి చలికాలం ఆ అమ్మాయి తన తల్లిని చూడటానికి వచ్చినప్పుడు, దుకాణం వెనుక సరుకు మూటల మీద కూర్చొని హిందీలో చాలాసేపు మాట్లాడుకున్నాం. రోజూ ఏమి చేస్తావని అడిగితే, ముందుగా పిల్లలను చూస్తాను అన్నది. ఒక పిల్లవాడు చెక్క దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు, మూడుసార్లు కూలిపోయింది, నాలుగోసారి పెద్ద దిమ్మెను అడుగున పెట్టాడు. అది ఆమె పుస్తకంలో రాసుకుంటుంది. వాడికి బరువు, నిలకడ సంగతి తెలుస్తున్నదని గుర్తించి, మర్నాడు వాడి ముందు నున్నటి రాళ్లూ, పలకలూ పెడుతుంది. సాయంత్రం తల్లి వచ్చినప్పుడు ఆ మాట చెబుతుంది. ఎవరినీ ఎవరితోనూ పోల్చదు. టిబెటన్ ఇళ్ల పిల్లలు ఆ గదిలో ఇద్దరు ముగ్గురు ఉంటే వారితో టిబెటన్‌లో మాట్లాడుతుంది. అలా మాట్లాడటం ఆమెకు ఉన్న అదనపు అర్హతగా ఆ కేంద్రంవారు భావిస్తున్నారు. తల్లి మధ్యలో స్వెటరు బేరం ముగించుకొని వచ్చి, “నా బిడ్డ పెద్ద టీచరమ్మా” అని తెలుగులో అన్నది. ఆ గర్వం న్యాయమైనది.

మెళియాపుట్టి మండలంలో సవర గిరిజనులుండే ఒక గూడలో నేను చూసిన ఆయా సంగతి చెబుతాను. అక్కడి కార్యకర్త కింద ఊరి నుంచి రోజూ వస్తుంది. మంచి మనిషే, కానీ సవర భాష రాదు. గూడ పిల్లలకు తెలుగు రాదు. కార్యకర్త బొమ్మల చార్టు చూపించి తెలుగులో పేర్లు చెబుతుంటే పిల్లలు గోడకు ఆనుకొని మౌనంగా కూర్చుంటారు. ఆమె పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో బరువులూ ఎత్తులూ ఎక్కించడానికి సిగ్నల్ వెతుక్కుంటూ బయటికి వెళ్లగానే, ఆ గూడలోనే పుట్టిపెరిగిన ఆయా చింతగింజలు నేల మీద పోసి సవరలో లెక్క మొదలుపెడుతుంది. అంతవరకు నోరు విప్పని పిల్లలు పోటీపడి లెక్క చెబుతారు. సవర లెక్కలో పన్నెండు దాకా వేర్వేరు పేర్లుంటాయి. పదమూడును పన్నెండూ ఒకటి అన్నట్టు చెబుతారు. మన లెక్కలో పదుల మీద నడిచే బడికి ఆ పిల్లవాడు రేపు వెళ్లినప్పుడు, వాడు తప్పు చెబుతున్నాడని అనుకోని టీచరు కావాలి. రెండు లెక్కలూ తెలిసి, ఒకదాని మీదుగా రెండోదానిలోకి చెయ్యి పట్టి నడిపించగల మనిషి ఆ గదిలో అప్పటికే ఉన్నది. అయితే ఆమె రికార్డులో ఆయా. ఆమె చేసిన ఆ లెక్కల పాఠం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు, ఆమె దాన్ని పాఠమని అనుకోను కూడా లేదు.

సవర పిల్లలకు సవరలో చదువు చెప్పాలన్నది కొత్త మాట కాదు. ఈ జిల్లాలోనే పుట్టి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ భాష నేర్చుకొని, ఆ పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆయన జన్మదినం ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ఏటా సభలు పెట్టి జరుపుతాం. ఆ సభల్లో సవర పిల్లల బడి ఊసు ఎత్తేవారు ఎందరు? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవరతో సహా గిరిజన భాషల్లో ఒకటో తరగతి నుంచి వాచకాలు తయారుచేసి కొన్ని బడుల్లో మొదలుపెట్టారు. మంచి ప్రయత్నమే. అయితే అది ఆరేళ్ల వయసు దగ్గర మొదలైంది. పిల్లవాడు మాటలు పోగుచేసుకునే మూడు నుంచి ఆరేళ్ల వయసు అంగన్‌వాడీలో గడుస్తుంది.

అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలై యాభై ఏళ్లు నిండాయి. మొదటి నుంచి ఇందులో ఆరు సేవలుంటే అందులో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మిగిలిన సేవలు కోడిగుడ్లుగా, పాలుగా, టీకాలుగా కనిపిస్తాయి కనుక పైవాళ్లు వాటి లెక్క అడుగుతారు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తనిఖీకి వచ్చిన అధికారి స్టాకు రిజిస్టరు చూశారు, తూకం యంత్రం చూశారు, మరుగుదొడ్డి చూశారు. పిల్లలు ఇవాళ ఏమి ఆడారు అని అడిగినవారు చాలా అరుదు. అడగని పనికి విలువ ఉండదు. విలువలేని పని చేసేవారికి శిక్షణ అక్కర్లేదని తేల్చేయడం సులువు.

2020 జాతీయ విద్యా విధానం ఈ విషయంలో స్పష్టంగానే చెప్పింది. ఇంటర్ లేదా అంతకు మించి చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు శిశువిద్యలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలన్నది. ఉన్న పని ఆగకుండా టీవీ, ఫోన్ల ద్వారా పాఠాలు జరపాలని, నెలకు కనీసం ఒకసారి ముఖాముఖి తరగతి ఉండాలని, ఆ బాధ్యత విద్యాశాఖ క్లస్టర్ కేంద్రాలు చూడాలని కూడా అన్నది. అంటే టొరంటోలో ఆ అమ్మాయి పని చేస్తూ చదివిన పద్ధతికి దగ్గరగా ఉన్నదే మన కాగితాల మీద కూడా ఉంది. 2023లో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం వచ్చింది. దాని కింద కార్యకర్తలకు మూడు రోజుల శిక్షణలు జరిగాయి, 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం ‘ఆధారశిల’ పేరుతో పాఠ్యప్రణాళిక కూడా వచ్చింది. మూడు రోజుల్లో ఏది నేర్పినా పరిచయమే అవుతుంది, వృత్తి కాదు. పైగా విద్యా విధానంలోని ఆ వాక్యంలో కార్యకర్తల మాట, టీచర్ల మాట ఉన్నాయి గాని ఆయాల మాట లేదు.

జీతం సంగతి ఎత్తకుండా ఈ మాటలన్నీ చెప్పడం న్యాయం కాదు. మన రాష్ట్రంలో 2019లో నిర్ణయించిన గౌరవ వేతనం కార్యకర్తకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు 42 రోజులు వీళ్లు సమ్మె చేస్తే అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. అత్యవసరమైన సేవ అని ఆనాడు ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా! 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలకూ సహాయకులకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. కార్యకర్తతో పాటు సహాయకురాలిని కూడా ఆ తీర్పులో కలపడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

మన సవర, జాతాపు గిరిజన ఆడపిల్లలను టొరంటో పంపమని నేను అడగడం లేదు. చంద్రగిరి వాళ్లకే ఆ బాధ ఇప్పుడు తెలుస్తున్నది. చదువుకున్న పిల్లలు ఒక్కొక్కరే విదేశాలకు పోతుంటే ఊళ్లలో ముసలివాళ్లు మిగులుతున్నారు, బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. ఆ తల్లి కూడా ఈ ఏడు స్వెటర్ల దుకాణంలో ఒక్కతే ఉన్నది. మన ఆయా మన గూడలోనే ఉండి, తన భాషలోనే, తన పిల్లలకే టీచరు కావాలని నా కోరిక. దానికి విమానం ఎక్కనవసరం లేదు.

కనుక మీ పత్రిక ద్వారా శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లనూ, మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులనూ కోరేది ఇది. విద్యా విధానంలో చెప్పిన ఆరు నెలల, ఏడాది కోర్సులను ఏజెన్సీ మండలాల్లో మొదటగా తెరిపించండి. పది చదివిన ఆయాలకు ఆ ఏడాది డిప్లొమాలో సీట్లు ఇవ్వండి. పది తప్పినవారికి ఓపెన్ స్కూలు ఫీజు శాఖే కట్టాలి. కేంద్రంలో చేసిన ఏళ్లను ప్రాక్టికల్ అనుభవంగా లెక్కగట్టండి, టొరంటోవారు ఆ అమ్మాయికి చేయని ఈ న్యాయం మనం చేయగలం. గూడల్లో కార్యకర్త పోస్టు ఖాళీ అయినప్పుడు, పిల్లల ఇంటి భాష వచ్చినవారికి ముందు అవకాశం ఇవ్వాలని నోటిఫికేషన్‌లోనే రాయండి. సవర భాష వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులు మన జిల్లాలో ఉన్నారు. నెలవారీ తరగతులకు వారిని పిలిస్తే వస్తారు. పాతపట్నం కేంద్రంగా అటువంటి తరగతి పెడితే వారానికి రెండు పూటలు జీతం లేకుండా వచ్చి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మెళియాపుట్టి వైపు నుంచి వచ్చే ఆయాలకు దారి ఖర్చులు మాత్రం శాఖ భరించాలి, ఏడు వేల రూపాయల్లో ఆటో చార్జీ వాళ్లు పెట్టుకోలేరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజరు,
పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా.